కత్తి కొనే ముందు ఇవి చూసుకోండి

చెన్నై ప్యారీస్ కార్నర్ పాత్రల కొట్లకు బయల్దేరారా? ఆరు కత్తుల సెట్టు జోలికి పోకండి, ఇంటికి రెండు చాలు.

• కూరగాయలకు 6 నుంచి 8 అంగుళాలది, అల్లం, వెల్లుల్లి లాంటి చిన్న పనులకు 3-4 అంగుళాలది.

• చేత్తో పట్టి చూడండి. బ్లేడు ఉక్కు పిడి చివరిదాకా ఉందా? పిడిని బిగించే రివెట్లు (మేకులు) వేళ్లకు గుచ్చుకుంటున్నాయా? నేను చూసుకోకుండా తెచ్చిన కత్తి గుమ్మడికాయలో ఇరుక్కుపోయింది, పిడి మాత్రం చేతికొచ్చింది.

• కార్బన్ స్టీలుకు మంచి పదును వస్తుంది. కానీ చెన్నై ఉప్పుగాలికీ, నిమ్మకాయ పులుపుకీ తుప్పు పట్టేస్తుంది. కోయగానే కడిగి, తుడిచి, నూనె రాసే ఓపిక లేదా, స్టెయిన్‌లెస్సే తీసుకోండి.

• అత్తయ్యగారికి కత్తిపీటే అలవాటా? ఉంచేయండి, వాదన వద్దు.

• చెక్క పలక కూడా కొనండి. గ్రానైట్ గట్టు మీద కోస్తే ఎంత మంచి కత్తయినా ఇట్టే మొద్దుబారుతుంది.