లాబ్రడారా, పగ్గా? ముందు ముక్కు చూడండి

కుక్కపిల్లను తెచ్చుకునే ముందు చాలామంది చూసేది దాని సైజు. పగ్ చిన్నది కాబట్టి పని తక్కువని, లాబ్రడార్ పెద్దది కాబట్టి కష్టమని అనుకుంటారు. నిజానికి రోజూ శ్రద్ధగా చేయాల్సిన పనులు పగ్‌కే ఎక్కువ. దాని ముఖం మీది ముడతల్లో తేమ నిలిస్తే చర్మం ఎర్రబడి వాసన వస్తుంది. మెత్తటి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తేమంతా అద్దాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో పనే. ముక్కు నొక్కుకుపోయి ఉండటంతో వగర్చి ఒంటి వేడిని తగ్గించుకోవడం దానికి కష్టం. అందుకే నడక చల్లటి వేళల్లోనే, అదీ మెడపట్టీకి బదులు ఛాతీకి కట్టే హార్నెస్‌తో. గురక పెరిగినా, ఊపిరి అందక మధ్యలో ఆగిపోయినా ముద్దుగా ఉందని నవ్వుకోకండి, వైద్యుడికి చూపించండి.

లాబ్రడార్‌కు కావలసింది పరుగు, ఈత, ఏదో ఒక పని. ఈత తర్వాత చెవులు ఆరబెట్టాలి. రాలే బొచ్చును వారానికి రెండుమూడు సార్లు దువ్వితే చాలు. తిండి దగ్గర మాత్రం దాని చూపులకు కరిగిపోకండి. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో తిండి యావతో, అధిక బరువుతో ముడిపడిన జన్యుమార్పు ఉన్నట్టు 2016లో వెల్లడైంది. కంటి అంచనాతో కాదు, తూకం వేసి పెట్టండి.