బేయీస్ లెక్కా? ముందు వెయ్యి అనుకోండి

డిగ్రీలో ప్రాబబిలిటీ మొదలైన నెల్లూరు, ఒంగోలు పిల్లలకు ఒక చిట్కా. బేయీస్ సిద్ధాంతం, అంటే ఒక ఫలితం కనబడ్డాక దాని వెనక ఫలానా కారణం ఉండే అవకాశం ఎంతో చెప్పేది. ఆ లెక్క కనబడగానే సూత్రం కోసం వెతుక్కోకండి. శాతాలన్నీ పక్కనపెట్టి, "వెయ్యి ఉన్నాయనుకుందాం" అని మొదలుపెట్టండి.

మన వైపు రొయ్య పిల్లల్ని చెరువులో వదిలే ముందు వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు ఉందేమోనని పీసీఆర్ టెస్ట్ చేయిస్తారు కదా, దాన్నే తీసుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే, ఏ ల్యాబ్‌వీ కావు. వెయ్యి శాంపిళ్లలో 20కి జబ్బుంది. టెస్ట్ వాటిలో 18 పట్టుకుంటుంది. మిగతా 980 బాగానే ఉన్నా, నూటికి 5 చొప్పున 49కి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 67. నిజంగా జబ్బున్నవి 18, అంటే నూటికి 27 దాకా. అంతే! టెస్ట్ 90 శాతం పట్టేస్తుంది కాబట్టి పాజిటివ్ వస్తే 90 శాతం జబ్బే అని రాసేవాళ్లే ఎక్కువ. జబ్బుంటే పాజిటివ్ వచ్చే అవకాశం వేరు, పాజిటివ్ వచ్చాక జబ్బుండే అవకాశం వేరు.

18 లవం, 67 హారం. సూత్రంలో ఉన్నదీ అదే. పేపర్లో మాత్రం సూత్రం కూడా రాయండి, స్టెప్పులకు మార్కులుంటాయి.

రెండోసారి టెస్ట్ చేసినా పాజిటివే వస్తే జబ్బుండే అవకాశం ఎంత అని అడిగితే, ఈసారి ఆ 67తో మొదలుపెట్టండి. మొదటి టెస్ట్ తప్పుకీ రెండో దాని తప్పుకీ సంబంధం లేదని లెక్కలో చెప్పి ఉంటేనే సుమా.