షట్‌డౌన్ అయ్యాక బెల్టు స్టార్ట్ చేసే ముందు: బిట్ షిఫ్ట్ లాజిక్ వాడేవాళ్లకు జాగ్రత్తలు

వానలు తగ్గాయంటే ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ప్యాకింగ్ ప్లాంట్లలో ఊపిరి సలపదు, గేటు బయట లారీలు బారులు తీరతాయి. షట్‌డౌన్‌లో సెన్సర్లు విప్పి బిగించి, పీఎల్సీ (మెషీన్లను నడిపే చిన్న కంప్యూటర్) ప్రోగ్రాంలో కూడా చెయ్యి పెట్టి ఉంటే, ఆ రద్దీ రాకముందే ఇవి చూసుకోండి. నేను చెప్పేది బరువు తక్కువ తేలిన బస్తాను చెక్ వెయ్యర్ (బస్తాను తూచే యంత్రం) నుంచి రిజెక్ట్ గేటు దాకా వెంబడించే లాజిక్ గురించి. ఆ బస్తాకు గుర్తుగా రిజిస్టర్‌లో ఒక బిట్ పెడతాం, బెల్టు కదిలిన కొద్దీ అది ఒక్కో గడి ముందుకు జరుగుతుంది, అదే బిట్ షిఫ్ట్. ప్రోగ్రాంలో బిట్ ఒకచోట, బెల్టు మీద బస్తా ఇంకోచోట ఉంటే మంచి బస్తా కింద పడుతుంది, తక్కువది లారీ ఎక్కుతుంది.

ముందు పల్స్ సంగతి, అంటే బిట్‌ను ఒక గడి జరిపే సిగ్నల్. షిఫ్ట్‌కు టైమర్ పల్స్ ఇవ్వొద్దు, డ్రైవ్‌లో ఎవరైనా స్పీడు కాస్త మార్చారంటే లెక్కంతా తప్పుతుంది. మోటార్ లేని చివరి పుల్లీకి, అంటే టెయిల్ పుల్లీకి ప్రాక్సిమిటీ సెన్సర్ (దగ్గరకొచ్చిన ఇనుమును పసిగట్టేది) పెట్టండి. మోటార్ తిప్పే డ్రైవ్ పుల్లీకి పెడితే బెల్టు జారుతున్నా అది తిరుగుతూ పల్స్ ఇస్తూనే ఉంటుంది. బెల్టు ఆగినప్పుడు పుల్లీ మీది ఇనుప టార్గెట్ సరిగ్గా సెన్సర్ అంచున నిలబడిందనుకోండి, ఆ వణుకుకే రెండు మూడు పల్స్‌లు ఎక్కువ వస్తాయి. దానికి మోటార్ నడుస్తోందని చెప్పే రన్ బిట్‌ను సిరీస్‌లో పెట్టేస్తారు చాలామంది, కానీ మోటార్ ఆగాక కూడా బెల్టు కొంచెం దొర్లుతుంది కాబట్టి రన్ బిట్‌ను నేరుగా కాకుండా ఆఫ్ డిలే టైమర్ (సిగ్నల్ ఆగాక కూడా కాసేపు ఆన్‌లో ఉంచేది) ద్వారా వాడండి.

పొడవు కొలిచి పెట్టండి, పాత ప్రోగ్రాంలో ఉందని అదే నమ్మొద్దు. చెక్ వెయ్యర్ నుంచి గేటుకు 3 మీటర్లు, 10 సెంటీమీటర్లకు ఒక పల్స్ అయితే 30 బిట్లు. అలెన్ బ్రాడ్లీ కంపెనీ ఎస్ఎల్సీ పీఎల్సీలో బిట్లను జరిపే ఇన్‌స్ట్రక్షన్ బీఎస్ఎల్‌కు లెంగ్త్ 30 ఇస్తే 16 బిట్ల వర్డ్‌లు రెండు పోతాయి. చివర మిగిలిన 2 బిట్లు ఖాళీయే కదా అని వేరే పనికి వాడొద్దు, వాటి విలువను నమ్మలేం. కంట్రోల్ అడ్రస్ (ఇన్‌స్ట్రక్షన్ తన స్థితి దాచుకునే చోటు) కూడా ఏ ఇన్‌స్ట్రక్షన్‌కు ఆ ఇన్‌స్ట్రక్షన్‌దే ఉండాలి. రంగ్ (ప్రోగ్రాంలో ఒక వరుస) అంతకుముందు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది అందులోని ఈఎన్ బిట్టే గుర్తుపెట్టుకుంటుంది, రెండు బీఎస్ఎల్‌లకు ఒకటే ఇస్తే రెండూ చెడతాయి.

మిత్సుబిషి, డెల్టా పీఎల్సీలు వాడేవాళ్లు, వాటిలో ఇదే పని చేసే ఎస్ఎఫ్‌టీఎల్ చివర 'పీ' ఉందో లేదో చూడండి. లేకపోతే కండిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ప్రతి స్కాన్‌కూ (ప్రోగ్రాం మొత్తం ఒకసారి నడిచే రౌండ్) బిట్లు జరుగుతాయి, కన్ను మూసి తెరిచేలోపు రిజిస్టర్ ఖాళీ. సీమెన్స్ ఎస్‌హెచ్ఎల్ కూడా అంతే, ముందు ఎడ్జ్ (సిగ్నల్ ఆన్ అయినప్పుడు ఒక్క స్కాన్‌కే పనిచేసే కండిషన్) పెట్టాల్సిందే. అందులో ఇంకో తిరకాసు ఉంది. ఎండబ్ల్యూ10 అనే వర్డ్‌లో చిన్న బిట్ ఎం11.0, షిఫ్ట్ చేస్తే ఎం11.7 తర్వాత ఎం10.0కు వెళ్తుంది. గేటు బిట్ వెతికేటప్పుడు ఇక్కడే టెన్షన్ పడతారు.

తక్కువ బరువు సిగ్నల్ రెండు పల్స్‌ల మధ్య వచ్చి పోవచ్చు, కాబట్టి లాచ్ చేయండి, అంటే పట్టి ఉంచండి. దాన్ని వదిలేసే అన్‌లాచ్ రంగ్ బీఎస్ఎల్‌కు కిందే ఉండాలి, పైన ఉంటే బిట్ లోపలికి వెళ్లకముందే తుడిచిపెట్టుకుపోతుంది.

కరెంటు పోయి వచ్చాక, ప్రోగ్రాం డౌన్‌లోడ్ చేశాక రిజిస్టర్‌ను అస్సలు నమ్మొద్దు. పోయిన గ్యాప్‌లో హమాలీలు బెల్టు మీది బస్తాలు చేత్తో తీసేసి ఉంటారు, డౌన్‌లోడ్‌తో ల్యాప్‌టాప్‌లోని పాత బిట్లు కూడా లోపలికి వచ్చేస్తాయి. బెల్టు ఖాళీ అయ్యేదాకా నడిపి, రిజిస్టర్ మొత్తం సున్నా చేసి, అప్పుడే ప్యాకర్ మొదలుపెట్టండి. పల్స్ పుల్లీ నుంచి కాకుండా బస్తా లెక్కన ఇచ్చే చోట మరీ జాగ్రత్త, మధ్యలో ఒక్క బస్తా తీసినా వెనకున్నవన్నీ ఒకటి తప్పుతాయి. అలాంటి చోట గేటు ముందు ఇంకో సెన్సర్ పెట్టుకోవడమే మేలు.

చివరగా ట్రయల్. కావాలనే తక్కువ నింపిన బస్తాకు సుద్దతో గుర్తు పెట్టి, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి ఫుల్ స్పీడులో, ఒకసారి సగం దూరంలో బెల్టు ఆపి మళ్లీ నడిపి చూడండి. మొదట్లో గేటు సిలిండర్‌కు గాలి వాల్వ్ మూసేసి, లైన్‌లో మిగిలిన గాలి కూడా వదిలేసి, సోలినాయిడ్ (సిలిండర్‌కు గాలి వదిలే కరెంటు వాల్వ్) లైటు ఎప్పుడు వెలుగుతోందో మాత్రమే గమనించండి. అది సరైన బస్తా దగ్గర వెలిగాకే గాలి ఇవ్వండి, అదీ గేటు దగ్గర మనిషి లేడని చూసుకున్నాకే.