లస్కరు దగ్గర మొదలుపెట్టండి: పిల్లలకు ఊరి సేవ నేర్పే పాఠం

గొప్పవాళ్లెవరని అడిగితే గోదావరి జిల్లాల పిల్లలు కాటన్ దొర పేరు చెబుతారు, లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు చెబుతారు. చెప్పాల్సిందే. అయితే 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లు ఈనాటికీ శివారు చేలకు అందాలంటే, కాలువ తూముల తలుపులు ఎత్తి దించే లస్కరు ఉండాలి. పాఠం ఆయనతో మొదలుపెట్టండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు వారానికి రెండు పీరియడ్ల చొప్పున నాలుగు వారాలు సరిపోతాయి.

మొదటి వారం ఒక జాబితా రాయించండి: నిన్న లేచిన దగ్గర్నుంచి మీకు ఎవరెవరి పని అక్కరకొచ్చింది? ముందు డాక్టరు, పోలీసు అనే రాస్తారు. అక్కడ ఆగిపోకుండా తవ్వండి. కుళాయి ఎవరు వదిలారు? గాలివానకు తెగిన కరెంటు తీగ ఎవరు కలిపారు? లంక పిల్లల్ని రేవు దాటించిందెవరు? అప్పుడు అసలు మనుషులు బయటికొస్తారు. అయిదుగురికొక జట్టు, జట్టుకొక మనిషి.

రెండో వారం వాళ్లతో మాట్లాడాలి. ముందు మీరే వెళ్లి అడిగి, వాళ్లకు వీలైన సమయం తీసుకోండి. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. టీకాలు వేసే బుధ, శనివారాల్లో ఆశా కార్యకర్తను కదపకూడదు. పారిశుద్ధ్య కార్మికుల దగ్గరకు పొద్దుటి పని ముగిశాకే వెళ్లాలి. అందరినీ 'గారు' అనే పిలవాలి. అడగకుండా ఫోటో తీయకూడదు.

ఈ పాఠం ఎక్కువగా దెబ్బతినేది ప్రశ్నల దగ్గరే. 'మీ పని ఎలా ఉంటుందండీ?' అంటే 'బాగానే ఉంటుంది బాబూ' అంటారు, అంతటితో సరి. పని పట్టుకుని అడగాలి. లస్కరు గారిని: రాత్రి పెద్దవాన పడితే మీరేం చేస్తారు? పడవ నడిపే ఆయన్ని: ధవళేశ్వరంలో వరద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు కదా, ఏ హెచ్చరికకు పడవ ఆపేస్తారు? చివరి ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే: మేం ఏం చేస్తే మీ పని తేలికవుతుంది?

సేవ ఆ జవాబులోంచే రావాలి. మనం ముందే అనుకున్న పని అంటగడితే ఒక్కరోజు చీపుళ్లు పట్టుకుని ఫోటో దిగడంతో అయిపోతుంది. వానాకాలంలో ఆశా గారు చాలావరకు దోమల మాటే ఎత్తుతారు. అది పిల్లలు చేయగలిగిన పని. జట్టుకు పది ఇళ్లు, ప్రతి శుక్రవారం. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే చూడాలి. ఇంటివాళ్ల చేతనే నీళ్లు పారబోయించి, తొట్టి లోపలి గోడలు పీచుతో రుద్దించాలి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి ఒట్టినే పారబోస్తే చాలదు. గుడ్డు దోమ కావడానికి సుమారు ఎనిమిది నుంచి పది రోజులు. అందుకే ఏడు రోజులకోసారి. ఒక్క వారం మానేస్తే పెరిగిన దోమ ఎగిరిపోతుంది. పుస్తకంలో రెండే లెక్కలు: నీళ్లున్నవి చూసినవి ఎన్ని, వాటిలో తోకపురుగులు (దోమ లార్వాలు) ఉన్నవి ఎన్ని. ఇంటివాళ్ల పేర్లు వద్దు.

కాలువ శుభ్రం చేద్దామని పిల్లలు ఉత్సాహపడతారు. గట్టు మీది ప్లాస్టిక్ వరకే, అదీ చేతి తొడుగులతో, పెద్దవాళ్లు పక్కనుండగా. నీళ్లలోకి దిగనివ్వొద్దు, పాకుడు పట్టిన మెట్లు, అడుగున గాజుపెంకులు ఉంటాయి. ఈ పనికి మార్కులు వేయకండి, వేస్తే అంకెలు కల్పించి తెస్తారు. పారిశుద్ధ్య కార్మికుల పిల్లలు తరగతిలో ఉంటే వాళ్లను లేపి 'మీ నాన్న గురించి చెప్పు' అనడం చాలా తప్పు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

శాలువా సభ పెట్టి ఆ మనిషికి ఒక పూట కూలి పోగొట్టకండి. నాలుగో వారం చివర్లో పిల్లలు రాసిన లెక్కను ఆశా గారికే చదివి వినిపించాలి; ఏ వీధి మిగిలిపోయిందో ఆవిడ చెబుతారు. వచ్చే శుక్రవారం ఆ వీధికి వెళ్లే జట్టు పేరు అప్పుడే బోర్డు మీద రాయండి.