బరోక్ కచేరీలకు హార్ప్సికార్డ్ శ్రుతి చేయడం: ఎ = 415, వాలోట్టి పద్ధతి

హార్ప్సికార్డ్ అంటే మీట నొక్కితే లోపలి తీగను మీటి మోగించే పాతకాలపు యూరప్ వాయిద్యం. కచేరీల సీజన్‌కి ప్రోగ్రాం వేసే రోజే దాని శ్రుతి సంగతి తేల్చుకోవాలి. బరోక్ సంగీతానికి (సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం) ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎ = 415 హెర్ట్జ్, అంటే ఎ అనే స్వరం సెకనుకు 415 సార్లు కంపించాలి. ఇది మామూలు 440 కంటే అర స్వరం తక్కువ. ఫ్రెంచ్ బరోక్‌కి 392, మోత్సార్ట్ కాలానికి 430 కూడా వాడతారు. ఒకే హార్ప్సికార్డ్‌ని ఈ వారం 415కి, పై వారం 392కి, ఆ తర్వాత మళ్లీ 415కి తిప్పితే తీగలు కుదురుకోవు. అందుకే ఒక శ్రుతి కచేరీలన్నీ వరుసగా పెట్టుకోండి. శ్రుతి మార్చాక కొన్ని రోజుల వ్యవధి ఇచ్చి, ఆలోగా రెండు మూడుసార్లు సరిచేయండి.

మీటల వరుసను పక్కకు జరిపి 440 నుంచి 415కి దిగే ఏర్పాటు కొన్ని వాయిద్యాల్లో ఉంటుంది. అక్కడ చాలామంది పొరబడతారు. జరిపాక సి మీట కిందికి అంతకుముందు బి మోగించిన తీగ వస్తుంది. మీరు సి కోసం తీపిగా కుదిర్చిన గాంధారం సి షార్ప్‌కి పోతుంది, సి మేజర్ కరకుగా మోగుతుంది. కాబట్టి ముందు జరిపి, ఆ తర్వాతే శ్రుతి చేయాలి.

తంబురా దగ్గర పెరిగిన చెవికి ఈ పని త్వరగా పట్టుబడుతుంది. మంద్ర తీగ మీటితే దానంతటదే వినిపించే స్వయంభూ అంతర గాంధారం షడ్జమానికి 386 సెంట్ల (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎత్తున ఉంటుంది. పన్నెండు స్వరాలనూ సమాన దూరంలో పెట్టే పియానో సమశ్రుతిలో అది 400. పాడువాలో సంగీతాచార్యుడిగా పనిచేసిన వాలోట్టి (1697–1780) పేరుతో పిలిచే పద్ధతిలో ఎఫ్, సి, జి ల గాంధారాలు 392 దగ్గర నిలుస్తాయి. దానికి బదులుగా బి, ఎఫ్ షార్ప్, సి షార్ప్ ల గాంధారాలు 408కి ఎక్కుతాయి. ఆ మేజర్ స్కేళ్లు బరోక్ రచనల్లో అరుదు కాబట్టి ఈ బేరం మనకు లాభమే.

వాయిద్యాన్ని ముందు రోజే హాల్లో పెట్టించండి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. తేమ పెరిగితే సౌండ్‌బోర్డు (తీగల కింద నాదాన్ని పెంచే కొయ్య పలక) ఉబ్బి శ్రుతి పైకి పోతుంది. కచేరీలో వెలిగే దీపాలన్నీ వేసి, హాలు ఆ వేడికి వచ్చాకే శ్రుతి మొదలుపెట్టండి. వేడికి ఇనుప, ఇత్తడి తీగలు సాగి శ్రుతి దిగుతుంది. అదే వేడికి కొయ్య ఫ్లూట్ల శ్రుతి ఎక్కుతుంది. చల్లటి హాల్లో చేసిన శ్రుతి మొదటి అరగంటలోనే రెండు వైపులా విడిపోవడానికి కారణం ఇదే. ఏసీ గాలి వాయిద్యం మీదికి నేరుగా తగలనివ్వకండి.

వాయిద్యంలో రెండు ఎనిమిది అడుగుల తీగల వరుసలు (మామూలు స్థాయిలో మోగేవి), ఒక నాలుగు అడుగుల వరుస (ఒక స్థాయి పైన మోగేది) ఉంటే, ఒక ఎనిమిది అడుగుల వరుసను మాత్రమే ఉంచి మిగతావి ఆపేయండి. 415 శ్రుతి ఫోర్క్‌తో (కొడితే ఒకే స్వరం మోగే లోహపు కవ్వ) ఎ కలిపి, దాని కింది స్థాయి ఎ ని స్వచ్ఛంగా కలపండి. ఇక్కడి నుంచి గడియారం ముల్లు చూస్తూ విస్పందనాలు, అంటే ధ్వనిలో లేచి పడే అలలు, లెక్కపెట్టాలి. ప్రతి స్వరాన్నీ ముందు అలలు పూర్తిగా ఆగేదాకా కలిపి, తర్వాతే కొద్దిగా తప్పించండి.

ఆ కింది స్థాయి ఎ నుంచి పైకి డి (మధ్యమం): డి ని కాస్త పెంచండి, సెకనుకు దాదాపు 2 అలలు. డి నుంచి కిందికి జి: జి ని పెంచండి, 4 సెకన్లకు 5. జి నుంచి పైకి సి: సి ని పెంచండి, 3 సెకన్లకు 5. సి నుంచి కిందికి ఎఫ్: ఎఫ్ ని పెంచండి, సెకనుకు 1 కంటే కాస్త ఎక్కువ. మళ్లీ అదే ఎ నుంచి పైకి ఇ: ఇ ని తగ్గించండి, 5 సెకన్లకు 7. ఇ నుంచి కిందికి బి: బి ని తగ్గించండి, సెకనుకు 2.

ఇప్పుడు ఆగి గాంధారాలు వినండి. ఎఫ్–ఎ సెకనుకు 3 కంటే కాస్త తక్కువగా, జి–బి 3 కంటే కాస్త ఎక్కువగా, సి–ఇ 4 దాటి కొట్టుకోవాలి. ఎఫ్–ఎ మరీ వేగంగా కొట్టుకుంటే డి, జి, సి, ఎఫ్ లలో ఏదో ఒకటి చాలినంత పెరగలేదన్నమాట. అది సరిచేయకుండా ముందుకు పోవద్దు.

మిగిలినవన్నీ అలలు లేకుండా స్వచ్ఛంగా కలపండి: ఎఫ్ నుంచి బి ఫ్లాట్, దాని నుంచి ఇ ఫ్లాట్, దాని నుంచి ఎ ఫ్లాట్, అటువైపు బి నుంచి ఎఫ్ షార్ప్, దాని నుంచి సి షార్ప్. చివరికి సి షార్ప్–ఎ ఫ్లాట్ కలిపి మోగిస్తే అల ఉండకూడదు. ఉంటే దారిలో చేసిన చిన్న తప్పులన్నీ అక్కడ పోగుపడ్డాయని అర్థం. ఆ తర్వాత పైకీ కిందికీ స్థాయిలు కలుపుకుంటూ పోవచ్చు.

రెండో ఎనిమిది అడుగుల వరుసను మొదటిదానితో కలపండి, నాలుగు అడుగులది ఆఖరున. అదయ్యాక ఎనిమిది అడుగుల వరుసలను మళ్లీ ఒకసారి వినాలి. సౌండ్‌బోర్డు మీద బరువు మారి అవి కాస్త కదిలి ఉంటాయి.

తీగ తెగేది ఎక్కువగా శ్రుతి చేసే తాళంచెవిని పొరపాటున పక్క బిరడాకు తొడిగినప్పుడే. ఒక తీగ మీటుతూ ఇంకో తీగ బిగిస్తున్నామని తెలిసేలోపే ఇత్తడి తీగ తెగుతుంది. అందుకే ముందు వెంట్రుకవాసి వదులు చేయండి. శ్రుతి దిగినట్టు వినిపిస్తేనే బిగించండి.

వయొలిన్, చెల్లో వాళ్లు ఎ ఒక్కటే తీసుకుని మిగతా తీగలు స్వచ్ఛమైన పంచమాలుగా కలుపుకుంటే, చెల్లో సి హార్ప్సికార్డ్ కంటే 12 సెంట్లు కిందికి పోతుంది. బాస్ స్వరం అంత తప్పితే బృందం మొత్తం బేసురుగా వినిపిస్తుంది. అందుకే ప్రతి ఖాళీ తీగా హార్ప్సికార్డ్ నుంచే తీసుకోవాలి. వయోలా ద గాంబాకి (మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయించే పాత వాయిద్యం) మెట్లు నరంతో కట్టినవి, జరుగుతాయి. వాటినీ ఈ పద్ధతికి తగ్గట్టు జరుపుకోవచ్చు.

మొత్తానికి గంట సమయం ఉంచుకోండి. విరామంలో పావుగంట, ఆ సమయంలో వేదిక పక్కన మాటలు ఆపించి మరీ, రెండో భాగంలో ఎక్కువగా వచ్చే స్వరాలను, ముఖ్యంగా రెండు ఎనిమిది అడుగుల వరుసల కలయికను మళ్లీ చూసుకోవాలి.