ఐటీ రిటర్న్ మనమే వేసుకోవచ్చా, ఆడిటర్ దగ్గరకి వెళ్లాలా?

జూన్ నెలాఖరు వచ్చిందంటే మా స్టాఫ్ రూములో ఇదే గోల. "ఏటి మాస్టారూ, ఈసారి రిటర్న్ ఎవరి చేత వేయిస్తున్నారు?" నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. లెక్కలు చెప్తాడు కాబట్టి ఇన్‌కంటాక్స్ కూడా వచ్చే ఉంటుందని మావాళ్ల నమ్మకం. అంత లేదు. కొన్నేళ్ల కిందటి వరకు నేను కూడా ఫారం-16 (జీతం, అందులో కోసిన టాక్స్ చూపిస్తూ ఆఫీసు ఇచ్చే కాగితం) పట్టుకుని టౌన్లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లి, లైన్లో కూర్చుని, ఐదొందలు ఇచ్చి వచ్చేవాణ్ని.

ఒక ఏడాది డీఏ అరియర్లు పడ్డాయి. పాత సంవత్సరాలకి రావలసిన డబ్బు ఒకేసారి వస్తే ఆ భారం తగ్గించుకోవడానికి సెక్షన్ 89 కింద రిలీఫ్ ఉంటుంది, అది ఫారం-16లో కూడా వేసే ఉంది, నెట్ సెంటర్ కుర్రాడు అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టేశాడు. అయితే ఆ రిలీఫ్ కావాలంటే రిటర్న్ కంటే ముందు పోర్టల్లో ఫారం 10ఈ అని విడిగా ఒకటి వేయాలి. అది అతనికీ తెలీదు, నాకూ తెలీదు. డిపార్ట్‌మెంటు రిలీఫ్ కొట్టేసి, పదకొండు వేల పైచిలుకు కట్టమని మెయిల్ పంపింది. ఆ మెయిల్ నాకు రాలేదు, ఎందుకంటే నా అకౌంట్లో ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబరు ఆ కుర్రాడివి! తర్వాతి ఏడాది నా రీఫండ్‌లో కోత పడితే గానీ సంగతి తెలీలేదు.

నేను ఐదొందలు ఇచ్చింది టైపింగ్‌కి. నాకు ఆ ఏడాది కావలసింది "అరియర్లు ఏమైనా వచ్చాయా సార్?" అని అడిగే మనిషి. ఆడిటర్ అవసరమా కాదా అని ఎవరు అడిగినా నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఫారం చూస్తే భయమేస్తోందా లేదా అన్నది పక్కన పెట్టండి, ఈ ఏడాది మీ ఇంట్లో కొత్తగా ఏం జరిగింది? ఏదైనా అమ్మారా, కొన్నారా, రిటైరయ్యారా, షేర్లలో వేలు పెట్టారా, ఇంట్లో ఎవరైనా షిప్ ఎక్కారా? అన్నిటికీ లేదు అనే జవాబైతే చాలామందికి ఆడిటర్ అక్కర్లేదు.

జవాబు మీద మీకే నమ్మకం లేకపోతే, ఒక ఆదివారం సాయంత్రం ఇన్‌కంటాక్స్ పోర్టల్లోకి పాన్ నంబరుతో వెళ్లి ఏఐఎస్ అనే స్టేట్‌మెంట్ తెరవండి. 2021 నవంబరు నుంచి ఉంది ఇది. బ్యాంకు వడ్డీ, డివిడెండు, షేర్లు, ఫండ్లు అమ్మిన డబ్బు, 30 లక్షలు దాటిన రిజిస్ట్రేషన్లు, ఇలా మన గురించి వాళ్ల దగ్గరకి చేరిన సమాచారమంతా అందులో కనిపిస్తుంది. మా సహోద్యోగి ఒకాయన అది చూసి "నా ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి మా ఆవిడకే తెలీదు, వీళ్లకెలా తెలిసిందండీ" అని తల పట్టుకున్నాడు. టీడీఎస్, అంటే డబ్బు మన చేతికి రాకముందే కోసే టాక్స్, కట్ కాలేదంటే ఆ వడ్డీకి టాక్స్ లేదని చాలామంది అనుకుంటారు. టీడీఎస్ కోయడానికి పరిమితి ఉంది గానీ, వడ్డీ రూపాయి వచ్చినా ఆదాయమే, చూపించాల్సిందే.

ఏఐఎస్‌లో జీతం లేదా పెన్షన్, బ్యాంకు వడ్డీ తప్ప ఇంకేం లేదనుకోండి, మొత్తం 50 లక్షల లోపు అనుకోండి, మీ రిటర్న్ ఫారం ఐటీఆర్-1, సహజ్. ఇది మీరే వేసుకోవచ్చు. సగం ముందే నింపి ఉంటుంది. జూన్ 15 లోపు ఆఫీసు నుంచి ఫారం-16 వస్తుంది, అందులో జీతం, పోర్టల్లోనే ఉండే 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో టీడీఎస్, ఏఐఎస్‌లో వడ్డీ, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని స్క్రీన్ మీద అంకెలతో సరిచూసుకోవడమే పని. మొదటిసారి రెండు గంటలు పడుతుంది, రెండో ఏడాది నుంచి అరగంట. టాక్స్ లెక్కకి పాత పద్ధతా కొత్త పద్ధతా అన్న టెన్షన్ కూడా పెద్దగా అక్కర్లేదు, 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో జీతగాళ్లకి 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షల వరకు రిబేటుతో టాక్స్ సున్నా అవుతుంది. ఇంటి లోను, హెచ్‌ఆర్‌ఏ గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి. జీతం, పెన్షన్ వాళ్లు గడువు లోపు వేస్తే ఏ ఏడాదికా ఏడాది రిటర్న్‌లోనే పద్ధతి మార్చుకోవచ్చు. వ్యాపారం ఉన్నవాళ్లకి అంత తేలిక కాదు.

చిన్న వ్యాపారులది మధ్య రకం. కిరాణా కొట్టు, సామాను తిప్పే టాటా ఏస్, ఇలాంటివాటికి ఐటీఆర్-4 ఉంది, సుగమ్. లెక్కల పుస్తకాలు రాయకుండా అంచనా లాభం చూపించేయవచ్చు. కొట్టుకి ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద కనీసం 6 శాతం, నగదు మీద 8 శాతం. చిన్న గూడ్స్ బండికైతే నెలకి 7,500, అంటే ఏడాదికి 90 వేలు. లెక్క చిన్నదే, ఒకసారి ఎవరైనా చూపిస్తే మీరే వేసుకోగలరు. జీఎస్టీ కూడా కడుతున్నారంటే మాత్రం అక్కడ చూపించిన అమ్మకాలూ ఇక్కడివీ ఒకటే కావాలి, కాబట్టి రెండూ ఒక్కరి చేతిలో ఉండటం మేలు.

ఇక డబ్బు పోయినా సరే ఆడిటర్ దగ్గరకి వెళ్లమని నేను చెప్పేవి కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది భూమి అమ్మకం.

"పొలం అమ్మితే టాక్స్ లేదు కదేటి" అనే మాట మనవైపు ప్రతి అరుగు మీదా వినిపిస్తుంది. సగం నిజం. పల్లెలో వ్యవసాయ భూమికి లేదు. అయితే పల్లె ఏది, టౌన్ ఏది అన్నది చూడటానికి కొలత ఉంది. మున్సిపాలిటీ జనాభా లక్ష దాటితే (పది లక్షల వరకు) దాని హద్దు నుంచి ఆరు కిలోమీటర్లు, పదివేల నుంచి లక్ష లోపు అయితే రెండు కిలోమీటర్లు, అదీ రోడ్డు మీద కాదు, గాలిలో గీత గీసినట్టు. శ్రీకాకుళం, విజయనగరం రెండూ లక్ష దాటినవే. ఆమదాలవలస, బొబ్బిలి లాంటివి రెండో రకం. అంటే విజయనగరం పొలిమేర దాటాక నాలుగు కిలోమీటర్ల దూరంలో, చుట్టూ వరి ఊడ్చి, గట్టు మీద తాటిచెట్లు ఉన్నా, టాక్స్ లెక్కలో అది పొలం కాదు, టాక్స్ పడే ఆస్తి. భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలయ్యాక అటు రేట్లు ఎలా లేచాయో చూశారుగా, ఇప్పుడు ఈ తేడా లక్షల్లో ఉంటుంది. (ప్రభుత్వం సేకరించిన భూమికి ఇచ్చే పరిహారం కథ మళ్లీ వేరు, అదీ అడిగే తెలుసుకోవాలి.)

మా అక్కదే చెప్తాను. విజయనగరం పక్కన తాతల నాటి ముప్ఫై సెంట్లు, మొన్న సంక్రాంతి ముందు 20 లక్షలకి అమ్మింది. అక్కకి వేరే ఆదాయం లేదు, టాక్స్ ఎందుకుంటుందిలే అని బావ ధీమా. నేనే బలవంతాన ఆడిటర్ గారి దగ్గరకి తీసుకెళ్లాను. ఆయన మొదట అడిగింది 2001 ఏప్రిల్ 1 నాటికి ఆ భూమి రిజిస్ట్రేషన్ విలువ ఎంతని. పాత భూములకి అదే కొన్న ధరగా తీసుకోవచ్చట. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కాగితం తెస్తే లక్షన్నర తేలింది. తర్వాత ఒక తెల్లకాగితం మీద రెండు లెక్కలు వేశారు, కొన్న ధరకి ధరల పెరుగుదల కలిపి 20 శాతం ఒకటి, అది కలపకుండా 12.5 శాతం ఒకటి. రెండోదే తక్కువ. లాభం పద్దెనిమిదిన్నర లక్షలు, అందులో అక్కకి వేరే ఆదాయం లేదు కాబట్టి మినహాయింపు 4 లక్షలు తీసేస్తే పద్నాలుగున్నర, దాని మీద టాక్స్, సెస్సు కలిపి 1,88,500. బావ మొహం పాలిపోయింది.

అప్పుడు ఆయన తీరిగ్గా, "ఈ డబ్బుతో ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. ఇల్లు కడదామనుకుంటున్నాం అంది అక్క. మూడేళ్లలో కట్టేటట్టయితే ఆ మొత్తానికి మినహాయింపు దొరుకుతుంది, కానీ ఖర్చు కాని డబ్బుని రిటర్న్ గడువు లోపు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ అని ప్రత్యేకంగా ఉండే ఖాతాలో వేయాలి, మామూలు ఎఫ్‌డీ పనికిరాదు అన్నారు. అప్పటికి అక్క డబ్బు మామూలు ఎఫ్‌డీలోనే ఉంది! ఫీజు మూడున్నర వేలు తీసుకున్నారు. బయటికొచ్చాక బావ "ఒక్క కాగితం రాసినందుకు మూడున్నర వేలేటి" అన్నాడు. ఆ కాగితం విలువ ఎంతో నేను మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

రెండోది షిప్పుల్లో పనిచేసేవాళ్లు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు వీళ్లు చాలామంది. ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులు నిండాయా లేదా అన్నదాని మీద లెక్కంతా నిలబడుతుంది, పది రోజులు ముందు దిగితే కథ మారిపోవచ్చు. షిప్ దిగాక కాదు, ఎక్కే ముందే ఒకసారి అడగండి, పాస్‌పోర్టులోనూ, సీడీసీ అనే ఓడ ఉద్యోగుల సర్వీసు పుస్తకంలోనూ ఉన్న స్టాంపుల కాపీలు ఇంట్లో ఉంచండి.

మూడోది ఆప్షన్స్ ట్రేడింగ్. పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్ట్ దిగి ఫోన్‌లో ట్రేడింగ్ చేసే కుర్రాళ్లని చూస్తూనే ఉన్నాను. పోయిన డబ్బుకి రిటర్న్ ఎందుకు మావయ్యా అంటాడు మా మేనల్లుడు. అది వ్యాపారం కింద లెక్క, ఐటీఆర్-3 వేయాలి. గడువు లోపు వేస్తేనే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకి తీసుకెళ్లి తర్వాత వచ్చే వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఇలా ఆడినవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీయే చెప్పింది కాబట్టి, ఈ పేరా చాలామందికి పనికొస్తుందని నా అనుమానం.

నాలుగోది, ఏ నోటీసైనా వచ్చినప్పుడు. రిటర్న్‌లో లోపం ఉందని వచ్చే నోటీసుకి మామూలుగా 15 రోజులే టైము. నెట్ చూసి మనమే జవాబు రాసేద్దామనుకోకండి.

సరే, వెళ్లాలని తేలింది. ఎవరి దగ్గరకి? మనవైపు చార్టర్డ్ అకౌంటెంటునీ, టాక్స్ ప్రాక్టీషనర్నీ, ఒక్కోసారి బోర్డు పెట్టుకున్న నెట్ సెంటర్ ఆయన్నీ అందరినీ "ఆడిటర్ గారు" అనే అంటాం. చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ) అయితే వాళ్ల సంస్థ ఐసీఏఐ ఇచ్చిన మెంబర్‌షిప్ నంబరు ఉంటుంది, అడగడంలో తప్పేం లేదు. సీఏ కాకపోయినా ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తూ మంచి పట్టున్నవాళ్లు ఉన్నారు, నేను కాదనను. నేనైతే కూర్చోగానే "నాకు ఏ ఫారం పడుతుందండీ, ఎందుకు?" అని అడుగుతాను. ఎదురు ప్రశ్నలు వేస్తే సరైన చోటికి వచ్చామన్నమాట. "మీకెందుకండీ, పాస్‌వర్డ్ ఇవ్వండి" అంటే లేచి వచ్చేస్తాను.

ఇంకో రకం ఉన్నారు, "రీఫండ్ తెప్పిస్తాను, వచ్చినదాంట్లో పది శాతం ఇవ్వండి" అనేవాళ్లు. వీళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ చందా, లేని జబ్బు రాసేసి రీఫండ్ లాగుతారు. మా పక్క మండలంలో ఒక స్కూల్లో దాదాపు స్టాఫంతా ఒకే మనిషి చేత వేయించుకుని, రీఫండ్ వచ్చిందని స్వీట్లు కూడా పంచుకున్నారు, రెండేళ్లకి అందరికీ ఒకే వారంలో నోటీసులు. 2025 జూలైలో ఇలాంటి దొంగ క్లెయిములు వేసే ఏజెంట్ల మీద డిపార్ట్‌మెంటు దేశమంతా 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు క్లెయిమ్ అని తేలితే పెనాల్టీ ఎగ్గొట్టిన టాక్స్‌కి రెండింతల దాకా ఉంటుంది. రిటర్న్ చివర్లో డిక్లరేషన్ మన పేరు మీదే ఉంటుంది, ఏజెంటు పేరు అందులో ఎక్కడా ఉండదు. ఇప్పటికే అలా ఇరుక్కున్నవాళ్లుంటే నోటీసు వచ్చేదాకా ఆగకండి, అప్‌డేటెడ్ రిటర్న్ అని ఒకటి ఉంది, అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం) అయిపోయాక కూడా నాలుగేళ్ల వరకు అదనపు టాక్స్ కట్టి సరిచేసుకోవచ్చు. దానికి మాత్రం మంచి ఆడిటర్ కావాలి.

ఎవరి చేత వేయించినా అకౌంట్లో ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఉండాలి. ప్రొఫైల్లోకి వెళ్లి ఈరోజే చూసుకోండి. సీఏ అయితే పోర్టల్లోనే ఆయన్ని మీ సీఏగా చేర్చుకునే దారి ఉంది. పని అయ్యాక రిటర్న్ కాపీ, అక్‌నాలెడ్జ్‌మెంటు, లెక్క వేసిన కంప్యుటేషన్ షీటు, మూడూ అడిగి తీసుకోండి. కంప్యుటేషన్ షీట్‌ని ఇంటికొచ్చి ఒకసారి చదవండి, మీరు చెప్పని మినహాయింపు ఏదైనా కనబడితే అదేమిటని అడగండి.

జూలై ఆఖరి వారంలో మాత్రం వెళ్లకండి, ఆ వారం ఏ ఆడిటర్ దగ్గరకి వెళ్లినా కుర్చీ దొరకదు, ఆయనకి మీ మొహం చూసే తీరిక ఉండదు. జీతగాళ్లకి గడువు మామూలుగా జూలై 31. 2025లో సెప్టెంబరు 16 దాకా పొడిగించారని ఈసారీ పొడిగిస్తారులే అని కూర్చోవద్దు, దాటితే ఐదు వేలు, ఆదాయం ఐదు లక్షల లోపైతే వెయ్యి.

వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి, ఆధార్ ఓటీపీ కొడితే చాలు. నిన్న రాత్రి తొమ్మిదింటికి బావ ఫోన్ చేశాడు. "మీ అక్క ఫోన్‌కి ఏదో ఓటీపీ వచ్చింది, ఆడిటర్ గారబ్బాయి అడుగుతున్నాడు, చెప్పమంటావా?" ముందు ఆ రిటర్న్ కాపీ వాట్సాప్‌లో పెట్టించుకుని, 20 లక్షల అమ్మకం, క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ నంబరు అందులో పడ్డాయో లేదో చూసి అప్పుడు చెప్పు బావా అన్నాను. అకౌంట్ నంబరులో ఒక అంకె తప్పు పడింది.