ఇల్లు అమ్మే ముందు కొలను గేటు చూసుకోండి

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, పెరట్లో ఈత కొలను ఉన్న ఇల్లు అమ్మాలనుకుంటున్నారా? ఏజెంటుకు ఫోను చేసే ముందు ఒకసారి కొలను గేటు దగ్గరకు వెళ్లండి. కాస్త వారగా తెరిచి వదిలేయండి. దానంతట అదే మూసుకుని గడియ పడాలి. బార్లా తెరిచి వదిలినా అంతే. గేటు కొలను వైపు కాకుండా బయటికే తెరుచుకోవాలి.

కంచె కనీసం 1.2 మీటర్ల ఎత్తుండాలని, కింద ఖాళీ 10 సెంటీమీటర్లు మించకూడదని చాలామందికి తెలుసు. మరిచిపోయేది కంచె పక్కన పెట్టిన వస్తువులనే. పూలకుండీ, కుర్చీ, వంగిన కొమ్మ, ఏదైనా చిన్నపిల్లలకు మెట్టే. వాటిని కనీసం 90 సెంటీమీటర్ల దూరం జరపండి. సీపీఆర్ బోర్డు (ఊపిరి, గుండె ఆగినవారికి చేయాల్సిన అత్యవసర చికిత్సను చూపే బోర్డు) వెలిసిపోయి ఉంటే కొత్తది పెట్టండి.

కొలను రాష్ట్ర రిజిస్టరులో నమోదై ఉండాలి, అమ్మకం ఒప్పందానికి కొలను భద్రత గురించిన ధ్రువపత్రం జతచేయాలి. నిబంధనల ప్రకారం ఉన్నట్లు ఇచ్చే పత్రం 3 ఏళ్లు చెల్లుతుంది. లోపాలున్నాయని ఇచ్చే పత్రంతోనూ అమ్మవచ్చు, అప్పుడు సరిచేయడానికి కొన్నవారికి 90 రోజుల గడువు ఉంటుంది. దయచేసి ఆ దారి పట్టకండి. ఆ ఇంట్లోకి మొదటి రోజే ఓ పసివాడు అడుగుపెట్టవచ్చు.